ఎనభై ఎనిమిది అడుగులు

"రేపు పొద్దున్న ఏడింటికి ఆవిడ వస్తుంది. నీ కాళ్ళు చూస్తుంది. జాగ్రత్త!" అన్నాడు మేనేజరు ఫోనులో.

తూకాలాయనకు అలాగే వినబడింది. విన్న చోటు అలాంటిది మరి. వ్యాను వంతెన దిగుతోంది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరుక్కుని ఉంది. వెనకాల ఇరవై కిలోల ఇనుప దిమ్మలు పాతికా ఒకదాన్నొకటి పలకరించుకుంటూ గణగణలాడుతున్నాయి. పక్కనుంచి బస్సు హారను కొడుతోంది.

"కాళ్ళా?" అని అరిచాడు.

"ఆఁ, అవే! ఆవిడ ఇంకేమీ చూడదట. అవి సరిగ్గా ఉంటే చాలట!" అని మేనేజరు పెట్టేశాడు.

తూకాలాయన పని చేసేది తూకం యంత్రాలు సరిచూసే కంపెనీలో. మిల్లులు, గిడ్డంగులు, మార్కెట్లు తిరిగి, కాటా మీద దిమ్మలు పేర్చి, అది నిజం చెబుతోందో బొంకుతోందో తేలుస్తాడు. బొంకితే మందలించి, బాగుచేసి, సీలు వేసి వస్తాడు. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని, ఇదే గొంతు. ఆయన గుసగుసలాడితే పక్క వీధిలో కిటికీలు తెరుచుకుంటాయి. గొంతుకు తోడు మాటల గారడీ ఒకటి. "మేం తూకానికి తూగాలి గానీ స్టీరింగు దగ్గర తూగకూడదండోయ్!" అని కనబడ్డవాడికల్లా చెప్పేవాడు. వాడు నవ్వకపోతే వాడి వాటా కూడా తానే నవ్వి పుణ్యం కట్టుకునేవాడు.

ఈసారి మాత్రం నవ్వులాట కాదు. ఆర్నెల్లలో వ్యాను రెండు దెబ్బలు తిన్నది. ఒకటి మిల్లు గేటు స్తంభం దగ్గర, రెండోది పోయిన నెల ఫోను ఎత్తుతూ గిడ్డంగి గోడ దగ్గర. "స్తంభం ఎదురొచ్చింది" అని రిపోర్టు రాశాడు. చదివిన పైవాళ్ళు నవ్వలేదు. పని మీద రోడ్డెక్కే ఉద్యోగులందరికీ పదకొండు నిబంధనల కాగితం పంపారు. తూకాలాయనకు కాగితంతో పాటు పరీక్ష కూడా పెట్టారు. బయటి నుంచి వచ్చే రోడ్డు టీచరు సంతకం పెడితే వ్యాను తాళం ఆయన జేబులో ఉంటుంది. పెట్టకపోతే వ్యాను ఇంకొకరికి, ఆయన మరమ్మతు గదిలో బల్ల ముందుకు. ఇక రిటైరయ్యేదాకా అక్కడే. ఆ గదికి కిటికీ కూడా లేదు.

"తాళం పోతే నేను తాళలేనే!" అన్నాడు ఇంటికొచ్చి భార్యతో. "ఆ గదిలో నా మాటలు ఎవరు వింటారు? దిమ్మలు వింటాయా?"

"ఇన్నాళ్ళూ మేం వినలేదూ? అవీ అలవాటు పడతాయి" అంది భార్య. "ఇంతకీ ఆవిడ చూసేదేమిటి?"

"కాళ్ళు."

భార్య చేతిలో గరిటె ఆగింది. "కాళ్ళా? చెప్పులు కుట్టిస్తుందా ఏమిటి?"

బల్ల దగ్గర చదువుకుంటున్న కూతురు తలెత్తింది. "అందులో అర్థం ఉందమ్మా. బ్రేకు, క్లచ్చు, యాక్సిలరేటరు అన్నీ కాళ్ళ పనే కదా. పాదం ఎలా పడుతుందో చూస్తారేమో."

"అదీ మాటంటే! నడవడం వచ్చిన కాళ్ళకే నడపడం వస్తుంది!" అని ఆయన ఎగిరి గంతేశాడు. స్టోరు చూసేవాడికి ఫోను చేసి సలహా అడిగాడు. అలా ఆ కబురు ఆఫీసు మొత్తానికి పాకింది. వేణ్ణీళ్ళు కాగాయి. గరుకురాయి దొరికింది. "ఇరవై ఏళ్ళు మీ వేగంతో వేగాను, ఇప్పుడు మీ మడమలూ నేనే తోమాలి!" అని సణుక్కుంటూ భార్య అరగంట తోమింది. గోళ్ళు కత్తిరించారు. కొత్త మేజోళ్ళు తీశారు. కూతురు బూట్లకు పాలిష్ పెట్టింది. అందులో ఆయనకు తన మొహం కనబడింది. అది కాస్త భయపడ్డట్టే ఉంది.

పొద్దున్న ఏడింటికి ఆఫీసు వెనక ఆవరణలో రోడ్డు టీచరు నిలబడి ఉంది. లారీ కాటాలు పరీక్షించే చోటది, విమానం దిగేంత పొడుగుంటుంది. ఆవిడ మాత్రం భుజానికి తగిలించిన గుడ్డ సంచీ కంటే కొంచెమే పొడుగు. నెరిసిన జుట్టు, పిచ్చుక గొంతు. చేతిలో సుద్దముక్క, మెడలో స్టాప్‌వాచీ.

తూకాలాయన కుడికాలు ముందుకు పెట్టి, మెరిసే బూటు వెలుతురులోకి తిప్పి నిలబడ్డాడు. ఆవిడ దానివైపే చూడలేదు. తలెత్తి సూటిగా ఆయన కళ్ళలోకి చూసింది.

"పరీక్ష అయ్యేదాకా నేను మీ కళ్ళే చూస్తూంటాను. మీ మేనేజరుగారికి చెప్పాను. చేతులూ కాళ్ళూ ఎలాగో సర్దుకుంటాయండి. కళ్ళు ఎటు పోతే బండి అటే పోతుంది."

తూకాలాయన నాలుక కరుచుకున్నాడు. ఒక్క దీర్ఘం ఎక్కువ విన్నందుకు రెండు మడమలు అరిగాయన్నమాట! పైకి చెప్పలేదు. చెబితే, ఎక్కడ ఉండి విన్నావని అడుగుతుంది.

"మీ చేతికి తూకం తెలుస్తుందటగా?" అంటూ ఆవిడ తన సంచీ అందించింది.

ఆయన సంచీని అరచేతిలో ఒకసారి ఎగరేశాడు. "కిలో ఏడువందల నలభై. ఓ పది గ్రాములు అటూ ఇటూ."

పక్కనున్న కాటా మీద పెడితే కిలో ఏడువందల నలభై ఐదు చూపింది. ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. "ఇన్నేళ్ళలో ఇలాంటి చెయ్యి చూడలేదండీ" అంది. అందులో ఎగతాళి లేదు. తూకాలాయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"మరి పరిగెత్తే బండి ఎంత తూగుతుందో కూడా ఈ చేతికి తెలుసా?"

"బండి ఆగి ఉన్నా పరిగెత్తినా బరువొకటే కదండీ!"

ఆవిడ వ్యాను వెనక తలుపు తెరిచి దిమ్మలు చూసింది. "కట్టలేదేం?"

"ఇరవై రెండేళ్ళలో ఒక్కటి కూడా లేచి నడవలేదండి."

"అవి నడవవండి. ఎగురుతాయి" అని సంచీలోంచి వెడల్పాటి పట్టీలు తీసింది. నాలుగో నిబంధన అదే, సరుకు కట్టకుండా బండి కదలకూడదు. ఇద్దరూ కలిసి దిమ్మల్ని బిగించి కట్టారు. తర్వాత బండి చుట్టూ ఒకసారి నడిచి టైర్లు, అద్దాలు, లైట్లు చూశారు. అది రెండో నిబంధన. తూకాలాయన ఆ కాగితానికి టీ గ్లాసు మచ్చలు చేశాడు గానీ చదవలేదు.

"నలభై వేగంలో ఈ గీత దగ్గరికి రండి. నేను చెయ్యెత్తగానే బ్రేకు వెయ్యండి. ఎక్కడ ఆగుతారో ముందే ఒక గుర్తు పెట్టండి."

ఆయన గీత నుంచి పది అడుగులు దర్జాగా నడిచి, తన భోజనం డబ్బా తెచ్చి అక్కడ పెట్టాడు. "దీని ముందే ఆగుతాను. మధ్యాహ్నం ఇదే తింటాను, రాసుకోండి!"

వ్యాను వచ్చింది. ఆవిడ చెయ్యెత్తింది. పాదం బ్రేకు మీదికి పోయేలోపే డబ్బా కిందికి పోయింది. ఠప్పుమని చప్పుడు. ఆగీ ఆగీ ఎక్కడో ఆగింది బండి. ఆయన దిగి లెక్కపెట్టుకుంటూ వెనక్కి నడిచాడు. గీతకు ఇరవై ఎనిమిది అడుగులు. డబ్బా పళ్ళెమైంది.

"మూత తియ్యక్కర్లేకుండా వడ్డించేసింది" అన్నాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"ఇలా రండి" అని ఆవిడ వెనక తలుపు తెరిచింది. "ఆ పట్టీ ముట్టుకోండి."

పట్టీ తీగలా బిగుసుకుని ఉంది. కట్టినప్పుడు అందులో రెండు వేళ్ళు దూరేవి, ఇప్పుడు గోరు దూరడం లేదు. దిమ్మలన్నీ ముందుకు జరిగి, డ్రైవరు సీటు వైపు మెడలు చాచిన మందలా పట్టీని తోస్తున్నాయి. తూకాలాయన దాని మీద అరచెయ్యి ఆనించాడు. గ్రాముల తేడా పట్టే చెయ్యది. ఐదువందల కిలోలు తన మెడ వెనకే ఇన్నేళ్ళూ ఇలా కాచుకుని కూర్చున్నాయని ఆ చేతికి అప్పుడు తెలిసింది. ప్రతి మలుపులోనూ, ప్రతి బ్రేకులోనూ అవి కాసేపు బరువు మాని ఫిరంగి గుండ్లవుతూ వచ్చాయి. ఆయన మెల్లగా చెయ్యి తీసేసుకున్నాడు.

"ఇప్పుడు ఫోను" అంది టీచరు. "బండి ఆపే ఉంచండి. నేను చప్పట్లు కొడితే ఫోను మోగినట్టు. ఎప్పటిలాగే ఎత్తండి."

చప్పట్లు మోగాయి. ఆయన జేబులోంచి ఫోను తీసి, పేరు చూసి, నొక్కి, భుజం మీద ఇరికించుకుని, మళ్ళీ ముందుకు చూశాడు.

"నాలుగు సెకన్లు" అంది ఆవిడ స్టాప్‌వాచీ చూసి.

"చూశారా! తుమ్మినంతసేపు లేదు!"

ఆవిడ సుద్దతో నేల మీద ఒక గీత గీసింది. టేపు లాక్కుంటూ పోయింది. పోతూనే ఉంది. ఆవరణ చివర చిన్నదైపోయి, అక్కడ వంగి ఇంకో గీత గీసి, తాపీగా తిరిగి వచ్చింది.

"ఊరి బయట మీరు అరవైలో పోతారు. ఆ నాలుగు సెకన్లలో బండి ఇక్కడి నుంచి అక్కడికి పోతుంది. మీ అడుగులతో ఎనభై ఎనిమిది. కళ్ళు మూసుకుని నడవండి. దారిలో ఏమీ లేదు, చూసుకోండి. నేను పక్కనే వస్తాను."

ఆయన చూసుకున్నాడు. చదునైన సిమెంటు. రాయి లేదు, గుంట లేదు, మనిషి లేడు. "మీరు అడిగారు కాబట్టి అడుగు వేస్తున్నా!" అని కళ్ళు మూసుకుని బయల్దేరాడు.

"ఒకటీ! రెండూ! మూడూ!" అంకెలు ఆఫీసు గోడలకు తగిలి తిరిగి వచ్చాయి. పది దాకా కవాతే. పదిహేను దగ్గర గొంతు తగ్గింది. ఇరవై ఒకటి దగ్గర, ఆయన చెప్పకుండానే కుడిచెయ్యి గాలిలోకి లేచి ముందు తడుముకుంది. ఎదురుగా ఏమీ లేదని తెలుసు. ఇప్పుడే కళ్ళారా చూశాడు. అయినా ముప్పై దగ్గర ఎదుట గోడ ఉన్నట్టు, ముప్పై ఐదు దగ్గర ఎవరో నిలబడి ఊపిరి పీలుస్తున్నట్టు అనిపించింది. నలభై ఒకటో అడుగు కాలు వెయ్యనంది. వెయ్యమన్నాడు. అది వెయ్యనంది.

కళ్ళు తెరిచాడు. ఎదురుగా ఖాళీ. గీత ఇంకా సగం దూరంలో ఉంది.

"మళ్ళీ వెళ్తాను" అన్నాడు, ఆవిడ అడగకుండానే.

రెండోసారి లెక్క పైకి వినబడలేదు. రెండు చేతులూ చాచి, పళ్ళు బిగించి, తోమిన మడమల్లో చెమట పడుతుండగా నడిచాడు. అరవై దాటాక దూరమూ కాలమూ కలిసిపోయాయి. తాను ఎప్పటినుంచో నడుస్తున్నట్టు, ఇది ఎప్పటికీ అవనట్టు ఉంది. ఎనభై ఎనిమిది. కళ్ళు తెరిచాడు. సుద్దగీత బూటు ముందే ఉంది. వెనక్కి తిరిగి చూశాడు. బయల్దేరిన చోట తన వ్యాను అగ్గిపెట్టె అంత ఉంది.

రోజుకు ఐదారు ఫోన్లు. ఇరవై రెండేళ్ళు. ఆయనకు లెక్కలు కొట్టిన పిండి. గుణించబోయి, భయమేసి, మధ్యలోనే ఆపేశాడు. ఇంత దూరాలు, ఇన్నిసార్లు, కళ్ళు లేకుండా వెళ్ళాడా? ఆ దూరాలేవీ ఇలా ఖాళీగా లేవే! సైకిళ్ళు ఉన్నాయి, బడిపిల్లలు ఉన్నారు, రోడ్డు దాటే ముసలివాళ్ళు ఉన్నారు. మరి ఏమీ ఎందుకు కాలేదు? వాళ్ళు చూసుకున్నారు. ఎవరో చప్పున పక్కకు తప్పుకున్నారు. ఎవరో బిడ్డ చెయ్యి పట్టి వెనక్కి లాగారు. ఇంకెవరో బ్రేకు వేసి తిట్టుకుని పోయారు. తన కళ్ళు మూసి ఉన్న ప్రతిసారీ ఊరుకాని ఊళ్ళో ముక్కూమొహం తెలియనివాళ్ళు తమ కళ్ళు తనకు అరువిచ్చారు.

తూకాలాయన ఆ గీత దగ్గరే నిలబడిపోయాడు. ఆఫీసు కిటికీలోంచి చూస్తున్న స్టోరువాడు, ఆయనకు ఒంట్లో బాగా లేదేమోనని మంచినీళ్ళు పంపబోయాడు.

"ఇక రోడ్డు మీదికి" అంది టీచరు. గిడ్డంగి దాకా వెళ్ళి రావాలి. ఫోనును దిమ్మల పక్కనున్న పెట్టెలో పెట్టమంది. బెల్టులు పెట్టుకున్నారు. ఆవిడ పక్క సీట్లో సగం తిరిగి కూర్చుంది. రోడ్డు వంక చూడకుండా ఆయన కళ్ళవంకే చూస్తోంది.

రోజూ పోయే దారే. ఇంతమంది ఉన్నారని ఆయనకు తెలియదు. గోడకు నిచ్చెన వేసి బోర్డు రాస్తున్న మనిషి ఒక కాలు గాలిలో ఉంది. ఆగిన లారీ కింద నాలుగు పాదాలు కనబడుతున్నాయి, అంటే అవతల ఇద్దరున్నారు. ఒకామె భుజం మీద నిద్రపోతున్న పాప చెప్పు జారిపోతోంది, ఆమె ఏ క్షణాన్నైనా వంగుతుంది. ఒక్కొక్కరూ ఒక్కో బరువున్న ప్రాణం. దీన్ని తూచే కాటా ఎక్కడుంది?

వెనక పెట్టెలోంచి కోడి కూసింది. మేనేజరుకు ఆయన పెట్టుకున్న రింగు అది.

చెయ్యి జేబువైపు సగం పోయి, అక్కడ ఏమీ లేక, స్టీరింగు మీదికి తిరిగొచ్చింది. కోడి ఆగింది. మళ్ళీ కూసింది. 'ఎక్కడున్నావ్?' అని అడగడానికే చేస్తాడు మేనేజరు, రోజూ అంతే. ఎత్తకపోతే వచ్చే తిట్లు చెవిలో జోరీగలా తిరిగాయి. యాక్సిలరేటరు మీద కాలు బరువెక్కింది. సరిగ్గా అప్పుడే ముందు, రోడ్డు మధ్యలో, ఒక ముసలాయన ఆగి చెప్పు సరిచేసుకుంటున్నాడు.

తూకాలాయన మెల్లగా బ్రేకు వేశాడు. చాలా దూరంలోనే బండి నిమ్మళంగా ఆగింది. ముసలాయన చెప్పు దులుపుకున్నాడు, మళ్ళీ తొడుక్కున్నాడు, దాటి వెళ్ళిపోయాడు. బండివైపు చూడనైనా చూడలేదు. ఆయనకు ఏమీ తెలియదు. జరగడానికి ఏమీ లేదు కూడా. కోడి మాత్రం కూస్తోంది.

ఏమీ జరగలేదు. తూకాలాయనకు కళ్ళు చెమర్చాయి. ఏమీ జరగకపోవడం ఇంత పెద్ద సంగతని ఆయనకు ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు.

టీచరు ఆ కళ్ళనే చూస్తోంది. కాగితం మీద ఏదో రాసుకుంది.

ఆవరణలోకి తిరిగొచ్చేసరికి మేనేజరు మెట్లమీదే ఉన్నాడు. చుట్టూ ఆఫీసంతా చేరింది. "ఏమయ్యా, మూడుసార్లు చేశాను! చెవుల్లో దూది పెట్టుకున్నావా?"

"మూడుసార్లూ విన్నాను సార్. బండి నడుస్తోంది."

"రోజూ నడుస్తూనే ఉంటుందిగా! రోజూ ఎత్తుతూనే ఉంటావుగా!"

టీచరు మేనేజరు చెయ్యి పట్టుకుని, పసివాణ్ణి నడిపించినట్టు, మొదటి సుద్దగీత దగ్గరికి తీసుకెళ్ళింది. విషయం చెప్పింది. "ఇంతేనా?" అని ఆయన కళ్ళు మూసుకుని బయల్దేరాడు. పద్నాలుగో అడుగులో ఆగిపోయి, కళ్ళు తెరిచి, అవతలి గీతను చూసి, వెనక్కి తిరిగి తూకాలాయనను చూశాడు. స్టోరువాడు పంతానికి పోయి పందొమ్మిదిలో ఆగాడు. లెక్కలు రాసే ఆవిడ ముప్పై దాకా వెళ్ళి, అక్కడే కూలబడింది. తర్వాత ఎవరూ కవ్వించుకోలేదు. అందరూ ఆ రెండు గీతల మధ్యనున్న ఖాళీ వంక, లోయ వంక చూసినట్టు చూస్తున్నారు.

టీచరు కలం తీసింది. "ఇక సంతకమే. ఈ ఒక్క గడి నింపాలి. నడుస్తున్న బండిలో చివరిసారి ఫోను ఎప్పుడు ఎత్తారు?"

పోయిన నెల, గోడ తగిలినప్పుడు అంటే సరిపోతుంది. అది ఎలాగూ రిపోర్టులో ఉంది. ఎవరూ కాదనరు. తాళం జేబులో చల్లగా తగులుతోంది. తూకాలాయన కిటికీ లేని గది తలుపు వైపు ఒకసారి చూశాడు. అంతలో స్టోరువాడు ఉండబట్టలేక అడిగాడు, "గురూ, ఇంతకీ కాళ్ళు పాసయ్యాయా?"

"కాళ్ళేమిటి?" అన్నాడు మేనేజరు.

తూకాలాయన మెట్టు మీద కూర్చుని, ఒక బూటూ మేజోడూ విప్పి, పాదం అందరికీ కనబడేలా చాచాడు. మడమ అద్దంలా మెరుస్తోంది.

"నిన్న సాయంత్రం ఎత్తాను మేడమ్. వంతెన దిగుతూ, దిమ్మలు కట్టకుండా, ఫోను భుజం మీద పెట్టుకుని. సార్ 'కళ్ళు చూస్తుంది' అన్నారు. నాకు 'కాళ్ళు' అని వినబడింది. మా ఆవిడ అరగంట తోమింది. అమ్మాయి బూట్లు తుడిచింది. వీడేమో ఆఫీసంతా చాటాడు. బండి ఆపి విని ఉంటే ఆ రెండు మాటలూ సరిగ్గానే వినబడేవి. ఇదుగోండి సాక్ష్యం, ఐదు వేళ్ళతో సహా." తాళం తీసి ఆవిడ పక్కన మెట్టు మీద పెట్టాడు.

మొదట మేనేజరే నవ్వాడు. నవ్వుతూనే తల దించుకున్నాడు. "ఆయన బండిలో ఉన్నాడని తెలిసే చేశానండి. అందులో సగం తప్పు నా పేరున రాయండి" అన్నాడు.

టీచరు పదకొండు నిబంధనల కాగితం కింద కలంతో ఇంకోటి రాసింది. 'ఫోను చేసినవారు ముందు అడగాలి, బండి ఆగి ఉందా అని. లేకపోతే పెట్టేయాలి.' తర్వాత ఆ గడిలో 'నిన్న సాయంత్రం' అని రాసి, దాని పక్కన సంతకం పెట్టింది. తాళం తీసి ఆయన చేతిలో పెట్టింది. "మూడు నెలల తర్వాత మళ్ళీ వస్తాను" అంది.

"మళ్ళీ కళ్ళేనా మేడమ్?"

"కళ్ళే" అని, ఆవిడ మొట్టమొదటిసారి కిందికి, ఆ పాదం వైపు చూసింది. "అయినా చాలా బాగా తోమారు. ఇంట్లో ఆవిడకు చెప్పండి."

"చెబుతాను. బండి ఎక్కకముందే చేస్తాను" అని తూకాలాయన మెట్టు మీదే కూర్చుని, ఒంటి బూటుతో, ఇంటికి ఫోను కలిపాడు. "కాళ్ళు కాదే, కళ్ళు!" అన్న ఆ కేక ఆఫీసుకే కాదు, పక్క వీధికి కూడా వినబడింది.